హైటెక్ సిటీకి మోసుకెళ్ళిన పంకా

బుధవారం ఉదయం ఐదింటికి మా ఊరి రేవు నుంచి బయల్దేరాం. పడవలో ఇద్దరమే, నేనూ అంజన్నా. ఎదురుగా కనిపించే అవతలి గట్టుకు మామూలుగా ముప్పై అయిదు నిమిషాలు. ఆ రోజు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఆ ఆలస్యాన్ని వదిలించుకోవడానికే హైదరాబాద్ దాకా వెళ్ళాల్సివచ్చింది. ఎలా వెళ్ళామో, ఎవరి దగ్గర పని జరిగిందో, ఎవరి దగ్గర జరగలేదో వరసగా రాస్తాను. రేపు మీ పడవకూ ఇదే గతి పట్టవచ్చు. అప్పుడు మీరు నాలాగా ఒక పూటంతా హైటెక్ సిటీలో పోగొట్టుకోకూడదని ఇది రాయడం.

ముందు మా సంగతి చెప్పాలి. కృష్ణ వెనకజలాల్లో మూడు వైపులా నీళ్ళు, నాలుగో వైపు అడవి ఉన్న చేపలవాళ్ళ ఊరు మాది. అక్కడి బడిలో నేను పదకొండేళ్ళుగా టీచర్ని. అంజన్న ఊరి పడవ నడుపుతాడు, వల వేస్తాడు. అతని భార్య లచ్చమ్మకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. మంగళవారం, శుక్రవారం ఉదయం ఏడింటికల్లా కొల్లాపూర్‌లో డయాలసిస్ మంచం మీద ఉండాలి. తెడ్లతో వెళ్తే నాలుగు గంటలు, గాలి ఎదురైతే ఎన్ని గంటలో చెప్పలేం. చలికాలంలో ఒకసారి అలాగే వెళ్ళి పదకొండింటికి చేరారు. అప్పటికి ఆమె వంతు దాటిపోయింది. మర్నాటికి ఒళ్ళంతా నీరు పట్టి, పడుకుంటే ఊపిరి అందక, గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఆమె ముఖం అప్పుడు చూసినవాళ్ళెవరూ మర్చిపోరు.

ఆ కబురు విని హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మాకు ఫైబర్ పడవ, దాని వెనక తగిలించే మోటారు ఇచ్చింది. ఫిబ్రవరిలో పదిహేను మంది వచ్చి రిబ్బన్ కత్తిరించారు. లచ్చమ్మను పడవలో కూర్చోబెట్టి ఫొటోలు తీసుకున్నారు. పడవకు రెండు పక్కలా తమ పేరు మూరెడేసి అక్షరాలతో రాయించుకున్నారు. కాదనను, ఆ రోజు మేమూ చేతులెత్తి దండం పెట్టాం. కానీ ఒక పంకా అదనంగా ఇచ్చి వెళ్దామని మాత్రం ఆ పదిహేను మందిలో ఒక్కరికీ తోచలేదు.

పంకా అంటే ప్రొపెల్లర్. రెక్కలున్న బొడ్డుకూ, దాని లోపల ఇంజను కడ్డీ మీద కూర్చునే గొట్టానికీ మధ్య మందంగా రబ్బరు ఉంటుంది. ఏప్రిల్ ఎండలకు నీళ్ళు తగ్గి, ఎప్పుడో మునిగిపోయిన పాత ఊరి గోడలు పైకి తేలుతున్నాయి. ఆదివారం సాయంత్రం ఒక గోడకు పంకా తగిలింది. రెక్కలు విరగలేదు కానీ రబ్బరు పట్టు వదిలేసింది. ఇంజను గొంతు చించుకుంటుంది, లోపలి గొట్టం గిర్రున తిరుగుతుంది, రెక్కలు మాత్రం సోమరిపోతుల్లా కదులుతాయి. పడవ ఉన్నచోటే ఉంటుంది.

గుట్టెక్కి, సిగ్నల్ దొరికించుకుని, మోటారు మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. అవతలి కుర్రాడు చాలా మర్యాదగా, ఏదో చూసి చదువుతున్నట్టు చెప్పాడు. "వేగం తగ్గించి, నెమ్మదిగా నడుపుకుంటూ దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కు చేరుకోండి మేడమ్." దగ్గర్లోది ఎక్కడుందని అడిగాను. కాసేపు వెతికి, హైటెక్ సిటీ అన్నాడు. కృష్ణలోంచి హైటెక్ సిటీకి పడవ నెమ్మదిగా ఎలా నడపాలో కూడా చెప్పమన్నాను. ఇంకేమైనా సహాయం కావాలా అన్నాడు. పైగా మోటారు మాకు దానమిచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు మీద ఉంది కాబట్టి ఫిర్యాదు కూడా ఆ కంపెనీయే చేయాలట, మేము చేస్తే చెల్లదట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇలాంటి చోట చిక్కుకున్నవాళ్ళ కోసం అంజన్న చేసిన పని చెప్తాను. ముందు జారుతున్నది రబ్బరేనా అని తేల్చుకోవాలి. నా గోళ్ళరంగు తీసుకుని లోపలి గొట్టం మీంచి బయటి బొడ్డు మీదకు ఒకే గీత గీశాడు. కాసేపు ఇంజను నడిపి చూస్తే గీత రెండు ముక్కలై, ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు ఉంది. సందేహం తీరింది. పంకా ఊడదీసి, వడ్రంగి దగ్గర చేతితో తిప్పే డ్రిల్లు తెచ్చి, బొడ్డు పైనుంచి రబ్బరు గుండా లోపలి గొట్టం దాకా మూడు వైపులా మూడు బెజ్జాలు వేశాడు. వాటిలో మరలు బిగించాడు. సోమవారం పొద్దుపోయేదాకా అదే పని. మంగళవారం లచ్చమ్మను ఆ మరల మీదే తీసుకెళ్ళి తీసుకొచ్చాం.

అయితే మరలు ఎంతోసేపు ఆగవు. అరగంటకొకటి తెగుతుంది. ఇంజను ఆపి, పంకా తీసి, తెగిన ముక్కను కొట్టి, కొత్తది బిగించాలి. ఇంకో ప్రమాదం ఉంది. రబ్బరుంటే దెబ్బ తగిలినప్పుడు అది జారి ఇంజన్ని కాపాడుతుంది. మరలు బిగించాక ఆ జారుడు ఉండదు, దెబ్బ నేరుగా లోపలి పళ్ళ చక్రాలకు తగులుతుంది. అందుకే దారంతా నేను ముందు కూర్చుని వెదురుగడతో లోతు చూస్తూనే ఉన్నాను. బుధవారం గట్టు చేరేసరికి బెజ్జాలు వెడల్పై మరలు వదులయ్యాయి. కొత్త బెజ్జం వేయడానికి బొడ్డులో చోటు లేదు. అంజన్న పంకా ఊడదీసి గోనెసంచిలో చుట్టి, పడవను రేవులో కట్టేశాడు. శుక్రవారం తెల్లవారేలోపల అది మళ్ళీ పడవకు ఎక్కాలి.

ఆటోలో కొల్లాపూర్, అక్కడ ఇడ్లీ, ఎనిమిదీ పదికి హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్. ఆధార్ చూపించి నేను ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు తీసుకున్నాను. అంజన్నకు మామూలు టికెట్టు. కండక్టరమ్మ సంచి తడిమి, లోపల ఏముందని అడిగింది. పడవ పంకా అంటే, నీళ్ళు లేని ఊరికి పంకా ఎందుకని నవ్వింది. జడ్చర్లలో టీ తాగాం. ఒంటిగంటకు పది నిమిషాలుండగా ఎంజీబీఎస్ బస్టాండులో దిగాం.

మెట్రో స్టేషన్లో సంచి మిషన్లోకి వెళ్ళగానే బెల్టు ఆగిపోయింది. తెర మీద మూడు కత్తుల్లా కనిపించాయట. ఇద్దరు గార్డులు వచ్చి సంచి విప్పించారు. అంజన్న దాన్ని చేత్తో తిప్పి చూపించాక వదిలేశారు. అమీర్‌పేటలో మారి, రెండింటికి హైటెక్ సిటీలో దిగాం. బయటికి రాగానే వేడి, ఆ వేడి మధ్య అద్దాల గోడలు. అంజన్న తలెత్తి చూడలేదు. సంచి భుజం మార్చుకుంటూ, కంపెనీ ఎంత దూరమని మాత్రం అడిగాడు.

కంపెనీ గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, ఎవరిని కలవాలో రాయించుకుని మెడలో కార్డులు వేశారు. పంకా వివరాలు మాత్రం వేరే కాగితం మీద రాశారు. లాబీలో అడుగుపెట్టగానే అంజన్న ఆగిపోయాడు. ఎదురుగా గోడంత తెర మీద లచ్చమ్మ ఉంది. పడవలో కూర్చుని, ఎండకు కళ్ళు చిట్లించి, నవ్వమంటే నవ్విన నవ్వు. కింద ఇంగ్లీషులో ఏదో ఆశ గురించీ ప్రయాణం గురించీ రాసుంది. కాసేపటికి ఆమె పోయి ఎవరో మొక్కలు నాటుతున్న ఫొటో వచ్చింది, మళ్ళీ ఆమె వచ్చింది. అలా ఆమె ఆరేడుసార్లు వచ్చి వెళ్ళేదాకా మేము సోఫాలో కూర్చున్నాం.

మూడు దాటాక ప్రణీత అనే అమ్మాయి వచ్చింది. దానాల పనులన్నీ చూసేది ఆమే. ముప్పై ఏళ్ళుండవు. మాట మెత్తన, గోదావరి వైపు యాస. లచ్చమ్మ గారు ఎలా ఉన్నారండీ అని నిజంగానే ఆరాటంగా అడిగింది. మాకు కాఫీ తెప్పించింది. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోవడం కష్టమే, అయినా తెచ్చుకున్నాను. పడవ పని పోయిన ఆర్థిక సంవత్సరంలోదట. మార్చితో ఆ బడ్జెట్ మూసేశారట. పడవ మాకు అప్పగించినట్టు సంతకాలున్నాయట, కాబట్టి మరమ్మతు మాదేనట. మరి మోటారు మీ పేరు మీదే ఎందుకుంది, ఫిర్యాదు మేము చేస్తే ఎందుకు చెల్లదు అన్నాను. ఆ ప్రశ్న రాసుకుంది.

ఏమైతేనేం, సర్వీస్ సెంటర్ ఇంజనీరును వీడియోలో పిలిచింది. అంజన్న పంకాను తెర ముందు పట్టుకున్నాడు. ఇంజనీరు మొదట చూసింది బెజ్జాలే. వాటిని ఎవరు వేశారని అడిగాడు. అంజన్న తానేనన్నాడు. ఇక అంతే. కంపెనీ వస్తువును పాడుచేశారు, వారంటీ రద్దయినట్టే అన్నాడు. కొత్త పంకా విదేశం నుంచి రావాలి, ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా పడవ నడపకూడదు. రబ్బరు ఒక్కటే అమ్మరా అంటే, విడిగా అమ్మే పద్ధతి లేదన్నాడు.

నేను ఊరుకోలేదు. ఆ బెజ్జాలు వేయకపోతే మంగళవారం ఆమె డయాలసిస్‌కు ఎలా వెళ్ళేదో చెప్పమన్నాను. నడినీళ్ళలో పంకా జారితే ఏం చేయాలో మీ పుస్తకంలో ఒక్క ముక్కైనా ఉందా అన్నాను. సర్వీస్ సెంటర్‌కు రండి అనడం తప్ప ఇంకేమైనా నేర్పారా అన్నాను. ఇంజనీరు ప్రణీతతో ఇంగ్లీషులో మాట్లాడి తెర మీంచి వెళ్ళిపోయాడు. ప్రణీత మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, మెల్లగా ఒక సలహా ఇచ్చింది. "పోనీ ఈ ఆరు వారాలూ లచ్చమ్మ గారు కొల్లాపూర్‌లోనే ఉండొచ్చు కదండీ?"

ఆ మాట అంజన్న అందుకున్నాడు. "ఉండొచ్చమ్మా. మరి వల ఎవలు ఏస్తరు? కిరాయి ఏడికెల్లి తేవాలె? మేం ఊరిడిసి వచ్చేటట్లుంటే మీ పడవ ఎందుకు?"

ఆమె ముఖం చిన్నబోయింది. నాలుగింటికి బయటపడ్డాం. వచ్చేముందు ఒక మాట అడిగింది, వీలైతే లచ్చమ్మ గారి కొత్త ఫొటో ఒకటి పంపమని. అంత మంచి పిల్ల ఆ మాట ఎలా అనగలిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

కార్డులు తిరిగిస్తుంటే గేటు దగ్గరున్న పెద్దాయన సంచి వైపు చూసి, పని అయిందా అని అడిగాడు. కాలేదన్నాం. ఏమిటి సంగతని పంకా బయటికి తీయించి, రబ్బరు వేలితో నొక్కి చూశాడు. ఈ గేటు ఉద్యోగానికి రాకముందు ఫ్యాక్టరీలో చేశాడట. "గిది ఈడ కాదమ్మా. జర బాలానగర్ పోండ్రి. లారీల రబ్బర్ బుష్షులు కొట్టేటోళ్ళుంటరు" అన్నాడు. ఎనిమిది అంతస్తుల్లో ఎవరూ చెప్పని మాట గేటు దగ్గర దొరికింది.

మళ్ళీ అమీర్‌పేట, అక్కడ మారి బాలానగర్. అయిదుంబావు. స్టేషన్ దిగి లోపలి వీధుల్లోకి వెళ్తే ఇనుము కోస్తున్న చప్పుడు, నూనె వాసన, ప్రతి గడప ముందూ ఇనుప రజను. మూడు చోట్ల అడిగాక యూసుఫ్ భాయ్ దుకాణం చూపించారు. అరవై దాటిన మనిషి. ఇనుము చెక్కే లేతు మిషను ఒకటి, పాత ప్రెస్సు, గోడ నిండా కొలతల వారీగా వేలాడదీసిన, పొట్టి గొట్టాల్లాంటి రబ్బరు బుష్షులు. పంకాను చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పాడు. ఆయన కూడా మొదట చూసింది బెజ్జాలే.

"ఎవలేసిన్రు ఇవి?" అన్నాడు.

అంజన్న తల దించుకుని గోనెసంచి మడతపెట్టాడు. హైటెక్ సిటీలో అదే నేరమని విని వచ్చాడు కదా. నేనే భాయ్, వేరే దారి లేకుండె అన్నాడు.

"మంచిగ ఏసినవ్. మూడు దిక్కుల సమానంగ ఏసినవ్. ఒక్క దిక్కే ఏసుంటే ఇది పగులుతుండె."

అంజన్న ముఖం విప్పారింది. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచడమెందుకు. పొద్దున్నుంచీ ఆ పనిని పని అన్నవాడు ఇతనొక్కడే.

పాత రబ్బరును ప్రెస్సులో పెట్టి నెడితే టప్పున బయటికొచ్చి పడింది. లారీ కమాను పట్టీలకు వేసే బుష్షు ఒకటి తీసి, కొలత చూసుకుంటూ లేతు మీద చెక్కాడు. బెజ్జాలను లోహపు మేకులతో మూసి నున్నగా అరగదీశాడు. బంక రాసి, కొత్త రబ్బరును లోపలికి నొక్కాడు. బంక పట్టేదాకా ముట్టుకోవద్దు, రేపు పదకొండింటికి రమ్మన్నాడు. శుక్రవారం పొద్దున్నే మనిషి ప్రాణంతో పని అని అంజన్న చెప్పాడు. ఫికర్ వద్దన్నాడు. "గని ఇది గూడ టెంపరరీనే. రెండు మూడు నెలలు నడుస్తది. అంతల్ల కొత్తది తెచ్చుకోండ్రి." చేతకానిది చేతకాదని చెప్పినవాడి మాట మీద నమ్మకం కుదిరింది.

రాత్రికి మూసాపేటలో మా చెల్లెలు సరళ ఇంట్లో పడుకున్నాం. అంజన్న వంటింట్లో చేపల కూర తిని, ఇది చెరువు చేప అని తేల్చి చెప్పి, ఇంటికి ఫోన్ చేయడానికి ప్రయత్నించాడు. ఊళ్ళో గుట్ట మీద తప్ప ఫోన్ మోగదు. ఎవరూ ఎక్కి ఉండరని తెలిసినా నాలుగుసార్లు చేశాడు.

గురువారం పదకొండుకు పంకా చేతికొచ్చింది. యూసుఫ్ భాయ్ ఇనుప కడ్డీ దూర్చి, మా ఇద్దరి చేతా బలమంతా పెట్టి తిప్పించాడు. ఇసుమంతైనా జారలేదు. ఈసారి పంకాను మెట్రోలో తనిఖీకి ముందే సంచి లోంచి తీసి చేత్తో పట్టుకున్నాం, ఎవరూ ఆపలేదు. ఒంటిగంట బస్సు. అంజన్న కిటికీ పక్కన పంకాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, జడ్చర్ల రాకుండానే నిద్రపోయాడు. రెండు రోజుల్లో అతను కళ్ళు మూయడం అదే మొదటిసారి చూశాను.

నాగర్‌కర్నూల్ దాటాక, నాలుగింటికి ప్రణీత ఫోన్ చేసింది. పంకా బాగైందని చెప్పాను. ఎక్కడ అని అడిగింది. బాలానగర్ అన్నాను. తర్వాత ఎవరో పక్కనుండి చెప్పిస్తున్నట్టు, ఒక్కో మాటా ఆచితూచి చెప్పింది. లీగల్ వాళ్ళతో మాట్లాడారట. బయట రిపేరు చేయించిన మోటారుతో ప్రమాదం జరిగితే పడవ మీద కంపెనీ పేరుంది కాబట్టి ఇబ్బందట. పరిశీలన అయ్యేదాకా పడవ నీళ్ళలోకి దిగకూడదట. వచ్చే వారం మనిషిని పంపి మోటారు వెనక్కి తెప్పించుకుంటారట. "నాకూ బాధగానే ఉందండీ" అంది.

బాధగానే ఉండుంటుంది. నేను నమ్ముతాను. కానీ ఆ బాధ ఏ గట్టుకు చేరుస్తుంది? ఇవ్వడానికి వచ్చినప్పుడు పదిహేను మంది. పంకా జారినప్పుడు పడవ మాది. బాగుచేసుకోగానే పడవ వాళ్ళది. ఇదెక్కడి న్యాయం? బస్సులో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయాను. గొంతు పెంచలేదు గానీ, ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగారు.

"వచ్చే వారం దాకా ఎందుకమ్మా, రేపే రండి," అన్నాను. "ఉదయం అయిదింటికి మా రేవులో ఉండండి. లచ్చమ్మ అప్పటికి పడవలో కూర్చుని ఉంటుంది. ముందు ఆమె చెయ్యి పట్టుకుని మీరే కిందికి దించండి. దించాక మోటారు తీసుకెళ్ళండి. మేమెవరం అడ్డం రాము."

లైను తెగిపోయింది. అంజన్న లేచి ఉన్నాడు. ఏమంటున్నరు టీచరమ్మా అని అడిగాడు. దాచబుద్ధి కాలేదు, అంతా చెప్పాను. అతను పంకాను రెండు చేతులతో ఇంకాస్త దగ్గరకు లాక్కున్నాడు. కొల్లాపూర్ వచ్చేదాకా మళ్ళీ నిద్రపోలేదు.

ఆరింటికి రేవు చేరాం. పంకా ఎక్కించి, మర బిగించి, అది ఊడకుండా పెట్టే పిన్ను వంచడానికి పావుగంట. మొదట నెమ్మదిగా, తర్వాత వేగం కాస్త పెంచి, నడుమకు వచ్చాక పూర్తిగా వదిలాడు. పడవ ముక్కు లేచింది. ముప్పై ఆరు నిమిషాల్లో ఊరు చేరాం. హైదరాబాద్‌లో ఏం చూశారని పిల్లలు చుట్టుముడితే, చెప్పడానికి నాకు రెండే కనిపించాయి. తప్పును ముందు చూసి మనిషిని తర్వాత చూసే చోటు ఒకటి, విరిగిన వస్తువును ముందు చేతిలోకి తీసుకునే చోటు ఒకటి. రెండింటికీ మధ్య మెట్రోలో గంట కూడా పట్టదు. పంకాతో వెళ్ళేవాళ్ళు అమీర్‌పేటలో ఏ రైలెక్కాలో చూసుకుని ఎక్కండి.

శుక్రవారం అయిదింటికి లచ్చమ్మను చేయి పట్టుకుని పడవలోకి ఎక్కించాం. ముఖం అప్పటికే కాస్త ఉబ్బింది. అంజన్న ఇంజను మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. నేను నీళ్ళ వైపు చూస్తున్నాను. నా మొండితనమే అనుకోండి, ప్రణీతను రమ్మని పిలిచాను కాబట్టి కాసేపు ఆగాలనిపించింది. అవతలి గట్టు నుంచి ఏ పడవా రావడం లేదు.

"ఎవలకోసం చూస్తున్నవ్ టీచరమ్మా? నాకు టైమైతుంది" అంది లచ్చమ్మ.

ఎవరికోసమూ కాదన్నాను. అంజన్న తాడు విప్పాడు.